తిరగరాసిన చీటీ

తిమ్మయ్య అయివారి ఇంటి అరుగు మీద పొద్దున ఏడున్నరకల్లా రోగాలు వచ్చి కూర్చునేవి. రోగులు కాదు, రోగాలే. రోగి ఇంట్లో మంచం మీద పడి ఉంటే, ఆ రోగాన్ని నోట పట్టుకుని ఇంకొకరు వచ్చేవారు. మొగుడి దగ్గుతో పెళ్ళాం, అత్త కీళ్ళనొప్పులతో కోడలు, తమ్ముడి చలిజ్వరంతో అన్న. అయివారు అందరి మాటా విని, కళ్ళజోడు సర్దుకుని, మనిషికొక చీటీ రాసేవారు. తొమ్మిది గంటల కర్నూలు బస్సులో ఆ చీటీలు వెళ్ళేవి. సాయంత్రం బస్సులో మందులు వచ్చేవి. సీసా పక్కన అంటించిన కాగితం పట్టీ మీద గాట్లు ఉండేవి, పూటకు ఎంత తాగాలో తెలియడానికి.

బేతంచెర్లలో రెండేళ్ళుగా ఇదే వైద్యం. అయివారి కొడుకు నరసింహ మద్రాసులో డాక్టరు చదువు ముగించి కర్నూలులో గది తీసుకుని బోర్డు పెట్టినప్పటి నుంచి మొదలైంది. ముప్పై అయిదేళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించి ఇంట్లో కూర్చున్న అయివారికి ఇది దేవుడిచ్చిన ఉద్యోగం. పైగా అప్పటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి ఎనిమిది నెలలు. గుడారాల్లో కచేరీలు, ఊరినిండా కొత్త జనం, కొత్త జనంతోపాటు కొత్త జ్వరాలు. నరసింహకు అన్నం తినడానికే తీరిక లేదు, ఇక ఊరికి ఎక్కడ వస్తాడు.

"వాడు రావాల్సిన పనేముండాది? నా చీటీ చూస్తే మనిషిని చూసినట్టే" అనేవారు అయివారు, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

ఆయన చీటీలకు కొన్ని పద్ధతులు ఉండేవి. ఎంత పెద్ద రోగమైనా మొదటి వాక్యం 'ఇక్కడ అందరం క్షేమం' అనే. కాగితం మీద పాడుమాట పెట్టకూడదు, పెడితే అది ఇంట్లోకి నడిచి వస్తుందని ఆయన నమ్మకం. అందుచేత విరేచనాలు 'కడుపు సరిగా లేదు' అయ్యేవి, రక్తం 'కొంచెం ఎరుపు' అయ్యేది. ఇక చేతిరాత సంగతి చెప్పనక్కరలేదు. కొట్టివేత కనిపిస్తే చాలు, కాగితం చింపి మళ్ళీ మొదటి నుంచి రాసేవారు. అచ్చు వేసినట్టుండే ఆ చీటీలు చూసి బస్సు డ్రైవరు బుడేన్ సాహెబ్ కూడా చేతులు తుడుచుకుని మరీ అందుకునేవాడు.

ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదంటే, వచ్చిన రోగాలు మంచివి కావడం వల్లనే. సగం వాటంతట అవే తగ్గేవి. తగ్గినప్పుడు పేరు మాత్రం కొడుక్కీ, తండ్రికీ చెరి సగం వచ్చేది.

ఆ సోమవారం అరుగు ఖాళీ అయ్యేసరికి లోపలి నుంచి ఆయన భార్య సిద్దమ్మ వచ్చి గడప పట్టుకుని నిలబడింది.

"ఇదో, ఇంటాండావా? బిడ్డకు మళ్ళీ తల పగిలిపోతాండాదంట. తెల్లారి ఒకతూరి వాంతి చేసుకునింది. నరసింహకు రాయి."

బిడ్డంటే నాగలక్ష్మి. పందొమ్మిదేళ్ళు. ఆలూరు హనుమన్నకు ఇచ్చి రెండేళ్ళయింది. ఎనిమిదో నెల రాగానే తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకున్నారు. వచ్చిన మర్నాడే శ్రీమంతం చేసి, రెండు చేతులకూ నిండా గాజులు తొడిగించారు. నాలుగు రోజులుగా ఆ పిల్ల నడిమింట్లో చల్లని నాపబండ మీద చెంప ఆనించి పడుకుంటోంది.

"రాస్తాండా" అన్నారు అయివారు. రాసి, అలవాటు ప్రకారం పైకి చదివారు. "చిరంజీవి డాక్టరు నరసింహకు ఆశీర్వచనములు. ఇక్కడ అందరం క్షేమం. నీ చెల్లెలు నాగలక్ష్మి కొంచెం నలతగా ఉంది. తలనొప్పి, పైత్యం. మనిషి మాత్రం నిండుగా, కళగా ఉంది. తగిన మందు పంపవలెను."

సిద్దమ్మకు చదువు రాదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. "మొగం ఉబ్బిందని రాయలేదే?" అంది.

"కడుపుతో ఉండే బిడ్డ మొగం ఉబ్బిందని కాగితం మీద పెడతారా ఎవరన్నా? నిండుగా ఉండాదని రాసినా కదా. రెండూ ఒకటే."

"రెండూ ఒకటెట్లయితాది?"

"సిద్దమ్మా, నాకు రాయడం నేర్పొద్దు."

ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో వాదాలన్నీ ఆ మాట దగ్గరే ముగిసేవి. సిద్దమ్మ కొంగు దోపుకుని లోపలికి వెళ్ళిపోయింది. బస్సు హారన్ వినిపించింది. చీటీ కర్నూలు వెళ్ళిపోయింది.

సాయంత్రం పొట్లాలు వచ్చాయి. వాటితో నరసింహ ఉత్తరం. 'పూటకొక పొట్లం వేయండి. పులుపు, కారం, ఉప్పు తగ్గించండి. ఈ నెలల్లో తలనొప్పి, వాంతి కొందరికి ఉంటాయి. చేతులకు, ముఖానికి వాపు గాని, చూపులో తేడా గాని కనిపిస్తే ఆ మాట వెంటనే తెలియజేయండి' అని రాశాడు.

అయివారు ఆ ఉత్తరం పట్టుకుని నడిమింటి గడప దాకా వెళ్ళి, ఎదిగిన కూతురి దగ్గరికి పోవడానికి మొహమాటపడి అక్కడే ఆగారు.

"అమ్మా, కండ్లు బాగా కనపడతాండాయా అని మీ అన్న అడుగుతాండాడు."

"కనపడతాండాయి నాయనా" అంది నాగలక్ష్మి, గోడ వైపు తిరిగే.

అది అబద్ధం. రెండు రోజులుగా ఆమె కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నాయి. కానీ ఆ మాట చెబితే పెద్దాసుపత్రి అంటారు. ఆలూరులో ఆమె తోడికోడలిని నొప్పుల మీద బండిలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బండి ఖాళీగా తిరిగి వచ్చింది. మూడు రోజులు ఇంట్లో ఆలస్యం చేసి తీసుకెళ్ళారన్నది నాగలక్ష్మికి గుర్తులేదు. ఖాళీ బండి ఒక్కటే గుర్తుంది.

పొట్లాలు వేసుకున్న గంటసేపు తలనొప్పి మొద్దుబారేది. ఆ గంటలోనే అయివారు వచ్చి అడిగేవారు. 'తగ్గినట్టే ఉండాది నాయనా' అనేది ఆమె. మంగళవారం చీటీలో 'గుణం కనిపిస్తున్నది' అని వెళ్ళింది.

బుధవారం నాగలక్ష్మి తల్లి దగ్గర మాత్రం నోరు జారింది. తలకు నూనె పెట్టించుకుంటూ, "అమ్మా, దీపం చుట్టూ పురుగులు ఎగిరినట్టు ఎగురుతాండాయే కండ్ల ముందర. ఈడ, ఎదకింద గుంజినట్టుండాది" అంది.

సిద్దమ్మ చేయి ఆగింది. చిన్నప్పుడు తన మేనత్త ఇలాగే అన్నదని ఆమెకు లీలగా గుర్తు. మేనత్తకు ఆ తర్వాత గుర్రపువాతం, అంటే కడుపుతో ఉండగా వచ్చే మూర్ఛలు, వచ్చింది. ఆ మాట సిద్దమ్మ గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. కడుపుతో ఉన్న బిడ్డ తల మీద చేయి పెట్టుకుని అనే మాట కాదు అది. అరుగు మీదికి వెళ్ళి, "బిడ్డకు కండ్లు ఎట్లనో ఉండాయంట, రాయి" అని మాత్రం చెప్పింది.

"నీరసం" అని అయివారు తేల్చారు. 'అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతున్నవట' అని రాశారు.

ఆ సాయంత్రం వచ్చిన ఉత్తరంలో నరసింహ గొంతు మారింది. 'నాయనా, నాకెందుకో తృప్తిగా లేదు. చెల్లెలిని తన చేత్తో రెండు ముక్కలు రాయమనండి. ఏదైనా సరే. తప్పకుండా పంపండి.'

గురువారం పొద్దున అయివారు అట్ట, కాగితం, పెన్సిలు కూతురి ముందు పెట్టారు. నాగలక్ష్మి లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన దగ్గర అయిదో తరగతి దాకా చదివిన పిల్ల. బడి మొత్తానికి రెండో చేతిరాత ఆమెది, మొదటిది అయివారిది. ఆమె కాగితాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, చాలాసేపు రాసి ఇచ్చింది.

అయివారు అరుగు మీదికి వచ్చి కాగితం చూసుకున్నారు. 'అన్నా, నేను బాగున్నాను. నువ్వు దిగులు పడవద్దు.' అంతే ఉంది. కానీ ఆ రెండు వాక్యాలు కాగితం పైమూల బయలుదేరి కింది మూలకు జారిపోయాయి. ఒక అక్షరం మీద ఇంకొకటి ఎక్కింది. 'దిగులు'లో చివరి అక్షరం సగమే ఉంది, మిగతా సగం అట్ట మీద రాసుకుపోయింది.

ఆయనకు సిగ్గేసింది. తన కూతురి రాత ఇదని కర్నూలులో కంపౌండరు చూస్తే ఏమనుకుంటాడు? పడుకుని లేచిన చేయి కదా, వణికింది పాపం అనుకున్నారు. కొత్త కాగితం తీసుకుని, ఆ రెండు వాక్యాలనూ తన గుండ్రని అక్షరాలతో తిరగరాసి, కింద 'నాగలక్ష్మి' అని పెట్టారు. మాట మార్చలేదు, ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అందుకే తప్పు చేస్తున్నానని ఆయనకు తోచనే లేదు. కూతురి కాగితాన్ని పారేయడానికి మనసొప్పక పంచాంగంలో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం మళ్ళీ అవే పొట్లాలు వచ్చాయి. ఉత్తరంలో ఒకే వాక్యం: 'ఇవే వాడండి.' అయివారు ఊపిరి పీల్చుకున్నారు. ఇంట్లో ఊపిరి పీల్చుకున్నది ఆయన ఒక్కరే.

శనివారం పొద్దున ఎనిమిది గంటలకు గాజులమ్మే లాల్ బీ మలారం మూటతో వచ్చింది. సిద్దమ్మే కబురు పెట్టింది. శ్రీమంతం గాజులు బిడ్డ చేతికి బిగుసుకుపోయాయి, చిన్న సైజు తొడిగావేమోనని. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి ఆడవాళ్ళ చేతులన్నీ తన చేతిలోకి తీసుకున్న మనిషి లాల్ బీ. ఎవరికి ఏ సైజో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

"చిన్న సైజు నేనెందుకు తొడుగుతా సిద్దమ్మక్కా" అని నవ్వుతూ నాగలక్ష్మి పక్కన కూర్చుని, ఆ చేయి పట్టుకుంది. పట్టుకోగానే నవ్వు పోయింది. బొటనవేలితో చేయి వెనక మెల్లగా నొక్కి తీసింది. అక్కడ గుంట పడింది. ఆ గుంట అలాగే ఉండిపోయింది.

"అక్కా, ఇట్ల చూడు. ఆ దినం ఈ గాజు మణికట్టు చుట్టూ తిరుగుతా ఉండె. ఇప్పుడు కండలోకి దిగిపోయిండాది. గాజు చిన్నది కాలేదక్కా. చెయ్యి ఉబ్బింది."

"నిండుగా ఉండాదని..." సిద్దమ్మ మాట మధ్యలో ఆగింది.

"నిండు చెయ్యి నాకు తెలీదా? నిండు చెయ్యిలో గుంట నిలబడదు. ఇది నీళ్ళు." లాల్ బీ మలారంలోంచి ఎర్రగాజుల జత తీసి నాగలక్ష్మి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. "బిడ్డా, పెద్దవి తొడుగుతా. ఈ రంగు సరిపోతాదా?"

"సరిపోతాది పిన్నమ్మా."

"ఏం రంగు ఇవి?"

నాగలక్ష్మి చేయి చాపి తడిమింది. గాజులు అక్కడ లేవు, జానెడు పక్కన ఉన్నాయి.

"ఏం రంగు బిడ్డా?" లాల్ బీ మళ్ళీ అడిగింది.

"కనపడల్యా పిన్నమ్మా" అంది నాగలక్ష్మి. అని ఏడవడం మొదలుపెట్టింది. "నిన్న పొద్దుటి నుంచి ఏమీ సరిగ్గా కనపడల్యా. అమ్మా, నన్ను ఆస్పత్రికి పంపీవద్దే."

సిద్దమ్మ లేచి అరుగు మీదికి వెళ్ళింది. అక్కడ నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురి ముందు మొగుడితో ఎదురు మాట్లాడటం ఆమె ఎన్నడూ ఎరుగదు.

"బిడ్డ రాసిన కాగితం యాడ?"

"పంపిస్తి కదా నరసింహకు" అన్నారు అయివారు, చీటీ మీంచి తల ఎత్తకుండానే.

"నువ్వు రాసింది పంపిస్తివి. నేను కిటికీలోంచి చూస్తి. బిడ్డ రాసింది యాడ?"

ఆ గొంతు విని ఆయన తలెత్తారు. పంచాంగం తెరిచి కాగితం తీశారు. సిద్దమ్మ దాన్ని అందుకుని చూసింది. ఆమెకు ఒక్క అక్షరమూ రాదు. అయినా వాకిట్లో ముగ్గు వేసే చేయి ఆమెది, గీత వంకర పోతే తెలుస్తుంది.

"ఇది చూసి నీకేమీ అనిపించలేదా? మన నాగలక్ష్మి రాత ఇట్లుంటాదా?"

"చెయ్యి వణికిందిలే అనుకుంటి."

"చెయ్యి కాదు. దానికి కండ్లు కనపడటంల్యా." సిద్దమ్మ కాగితాన్ని ఆయన ముందు పెట్టింది. "నా బిడ్డ రోగం నా నోట్లో సగం అయిపాయ, నీ కాగితంలో ఆ సగం కూడా పాయ. వాడు యాడనో కూర్చుని మిగిలిందానికి మందు కట్టి పంపిస్తాండాడు. తప్పు నాదీ ఉండాది. గుర్రపువాతం అనే మాట బుధవారమే నోటికొచ్చింది, మింగేస్తి. ఇప్పుడు చెప్తాండా. రాస్తావా ఆ మాట?"

ఆ మాట విన్న నలుగురూ చూపులు దించుకున్నారు. అయివారి చేతిలో కలం అలాగే ఉంది. రాయలేదు. 

తొమ్మిది గంటల బస్సు వచ్చి నిలబడింది. చీటీల కోసం బుడేన్ సాహెబ్ కిందికి దిగి చేయి చాపాడు.

"సాహెబూ, ఈ పొద్దు చీటీ లేదు" అంది సిద్దమ్మ. "మనిషే వస్తాది."

బస్సులో వెనక సీటు ఖాళీ చేయించి, పరుపు వేసి, నాగలక్ష్మిని పడుకోబెట్టారు. తల సిద్దమ్మ ఒడిలో, కాళ్ళు లాల్ బీ ఒడిలో. గాజుల మలారం అరుగు మీదే వదిలేసి లాల్ బీ కూడా ఎక్కింది. ఎండ తగలకుండా కిటికీలకు చీరలు కట్టారు. అయివారు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, చేతిలో ఆ కాగితంతో, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు.

"భద్రం సాహెబూ. గుంతలు చూసుకో."

"రెండేండ్లుగా మీ సీసాలు ఒక్కటి పగలకుండా తెస్తాండా అయివారూ. బిడ్డను తీసకపోలేనా" అన్నాడు బుడేన్ సాహెబ్. దారిలో నాపరాళ్ళ లారీలు ఎదురైనప్పుడల్లా పక్కకు తీసి ఆపి, దుమ్ము అణిగాక కదిలేవాడు.

మూడు గంటల దారి. అయివారు ఎన్నో సార్లు వెనక్కి తిరిగి చూశారు. కూతురి ముఖాన్ని ఆయన పదిహేను రోజులుగా గడప అవతలి నుంచే చూశారు. ఇప్పుడు ఎండ వెలుతురులో దగ్గరగా చూస్తున్నారు. కనురెప్పలు ఉబ్బి కళ్ళు గీతల్లా ఉన్నాయి. పెదవులు మందంగా ఉన్నాయి. ముక్కుపుడక చర్మంలోకి దిగిపోయింది. నిండుగా, కళగా అని తన చేత్తో రాసిన మాటలు గుర్తొచ్చాయి. దేవుణ్ణి తలుచుకోబోతే నోటికి దేవుడి పేరు కూడా రాలేదు.

నరసింహ గది ముందు బెంచీల నిండా జనం. అతను తండ్రి లోపలికి రావడం చూసి నవ్వబోయి, ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నడిపించుకొస్తున్న మనిషిని చూశాడు. ఒక క్షణం చెల్లెలిని పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నాక చేతిలోని కలం కింద పెట్టేశాడు.

చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూశాడు. ఒకసారి చూసి, నమ్మలేనట్టు మళ్ళీ చూశాడు. సిద్దమ్మకు చెప్పి కొంచెం మూత్రం పట్టించి, గాజు గొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచాడు. అది కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. అదంతా అయిదు నిమిషాల పని.

"అమ్మా, జట్కా పిలిపిస్తాండా. పెద్దాసుపత్రికి పోదాం. ఇప్పుడే."

"ఖాళీ బండి..." అంది నాగలక్ష్మి సగం మగతలో.

"నేను నీ పక్కనే ఉంటా చెల్లీ. ఖాళీగా రాదు."

ఆస్పత్రి వరండా ఎక్కుతుండగానే నాగలక్ష్మి ఒళ్ళు బిగుసుకుంది. పళ్ళు గిట్టకరిచాయి, చేతులు కొట్టుకున్నాయి, శ్రీమంతం గాజులు బండల మీద పగిలిపోయాయి. సిద్దమ్మ కూతురి తల బండకు తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది. రాహేలమ్మ అనే పెద్ద నర్సు పరుగున వచ్చి, గుడ్డ చుట్టిన చెంచా పళ్ళ మధ్య పెట్టి, పిల్లను పక్కకు తిప్పింది. లేడీ డాక్టరు వచ్చింది. తలుపులు మూశారు.

వరండా బెంచీ మీద తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. అయివారు ఆ కాగితాన్ని కొడుకు చేతిలో పెట్టారు. చెమటకు అది మెత్తబడిపోయింది.

నరసింహ చూశాడు. "ఎప్పుడు రాసింది ఇది?"

"బేస్తవారం."

"బేస్తవారం నాకొచ్చింది నీ రాత నాయనా."

"మాట మార్చలేదురా. ఒక్క అక్షరం మార్చలేదు. రాత బాగాలేదని..."

"దానిచేత రాయించమని అడిగింది మాటల కోసమా నాయనా? చెయ్యి ఎట్లుండాదో, చూపు ఎట్లుండాదో చూద్దామని అడిగితి. ఇది చూసింటే ఆ గంటలోనే బయలుదేరుతుంటి. రెండు దినాలు పాయ." నరసింహ గొంతు హెచ్చలేదు. హెచ్చి ఉంటే అయివారికి అంత బాధ ఉండేది కాదు.

"తప్పే" అన్నారాయన. తర్వాత, తనకే తెలియని కోపంతో, "చెయ్యి చూడాలంటే నువ్వు రావాల్సింది కదరా. మూడు గంటల దారి. నా కాగితం చూసి ఊరందరికీ మందులిస్తివి. ఒక్కరి నాడి అన్నా పట్టుకుంటివా?" అన్నారు.

నరసింహ ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని సాపు చేశాడు.

"నిజమే నాయనా" అన్నాడు. "నీ రాత చూసినప్పుడే అనుకుంటి, చెల్లెలు ఎందుకు రాయలేదబ్బా అని. అప్పుడు నా ముందర ముప్పైమంది కూర్చోనుండిరి. బాగున్నాననే ఉండాది కదా అని పొట్లాలు కట్టించి పంపిస్తి. నువ్వు కప్పిపెట్టింది తెలీక కప్పిపెడితివి. నేను తెలిసి తెలిసి పోనిస్తి."

అయివారు కొడుకు వైపు తిరిగారు. ఇంత పెద్ద డాక్టరు కూడా చిన్నప్పుడు ఎక్కం మరిచిపోయి నిలబడ్డ పిల్లాడిలాగే ఉన్నాడు. ఆయన చేయి ఎత్తి వాడి వీపు మీద వేశారు. ఇద్దరూ ఏడ్చారు. తలుపు అవతల చెల్లెలికి రెండోసారి మూర్ఛ వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల. ఏడవడానికి చాలాసేపు పట్టింది. ఏడ్చాక రాహేలమ్మ దూదిలో చుట్టి, పక్కన వేడినీళ్ళ సీసాలు పెట్టింది. అవి నరసింహ గది నుంచి తెప్పించిన మిక్చరు సీసాలు, గాట్ల కాగితం ఇంకా అంటుకునే ఉంది.

తల్లికి మూర్ఛలు ఆగాయి. చూపు మాత్రం రాలేదు. బిడ్డ ఏడుపు వినిపించిన వైపు కాకుండా ఇంకో వైపు చూసి నవ్వేది నాగలక్ష్మి. "వస్తాది, చాలామందికి మళ్ళీ వస్తాది" అంది లేడీ డాక్టరు. రాదని ఆమె అనలేదు, ఎప్పుడు వస్తుందని కూడా అనలేదు. ఆ నాలుగు రోజులు సిద్దమ్మ కూతురి ముఖం ముందు చేయి ఊపి ఊపి చూసేది. రెప్ప కదలకపోతే కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వచ్చేది.

అయివారు ఆ నాలుగు రోజులూ వరండాలోనే ఉన్నారు. రెండోనాడు నరసింహ ఆయన చేతికి కాగితం, కలం ఇచ్చాడు. "ఆలూరుకు బావకు రాయాల నాయనా. నువ్వే రాయి."

ఆయన అలవాటుగా 'ఇక్కడ అందరం' దాకా రాసి ఆగారు. ఆ కాగితం పక్కన పెట్టి లోపలికి వెళ్ళారు. గడప దగ్గర ఆగలేదు. కూతురి మంచం పక్కన కూర్చుని, ఉబ్బిన చేతిని తన చేతిలోకి తీసుకుని, లాల్ బీ నొక్కినట్టు నొక్కి చూశారు. గుంట పడింది కానీ మెల్లగా పూడింది. బయటికి వచ్చి రాశారు. 'అల్లుడు హనుమన్నకు. నాగలక్ష్మికి గుర్రపువాతం వచ్చింది. రెండు మార్లు మూర్ఛ పోయింది. ఆడపిల్ల పుట్టింది, చాలా చిన్నది. తల్లికి చూపు లేదు. వస్తుందో రాదో తెలియదు. ఆలస్యం చేసినది నేను. వెంటనే రావలెను.' అందులో రెండు కొట్టివేతలు ఉన్నాయి. అలాగే ఆలూరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు.

"వచ్చే ఆదివారం నుంచి నేను ఊరికి వస్తా నాయనా" అన్నాడు నరసింహ. "వారానికి ఒక దినం. మన అరుగు మీదనే కూర్చుంటా."

"మరి చీటీలు?"

"మధ్యలో రాయి. వాళ్ళు ఏమన్నారో ఆ మాటే రాయి. ముందర నువ్వు ఇంటికి పోయి మనిషిని చూసి రాయి. ఏ మాత్రం అనుమానమున్నా చీటీ వద్దు, మనిషిని బస్సు ఎక్కించు."

అయివారు తల ఊపారు. ముప్పై అయిదేళ్ళు చెప్పడమే గాని చెప్పించుకోవడం ఆయనకు అలవాటు లేదు. ఆ పూట అలవాటైంది.

గురువారం పొద్దున సిద్దమ్మ కూతురికి గంజి తాగిస్తోంది. నాగలక్ష్మి గిన్నె వైపు కాక తల్లి మెడ వైపు చూసింది.

"అమ్మా, నీ పూసలదండ తెగిందా? ముడి ఏసుకున్యావే."

సిద్దమ్మ చేతిలో గంజిగిన్నె ఒలికిపోయింది. దండ శనివారం బస్సులో తెగితే వేసుకున్న ముడి అది.

సాయంత్రానికి నాగలక్ష్మి కళ్ళు బిడ్డ గోళ్ళు కూడా చూడగలిగాయి. నరసింహ వచ్చి అట్ట, కాగితం, పెన్సిలు చెల్లెలి ముందు పెట్టాడు. "రాయి" అన్నాడు.

"ఏం రాయాల?"

"నీ ఇష్టం."

ఆమె రాసింది. అన్న చేతికి ఇవ్వబోయి, ఆగి, తండ్రికి ఇచ్చింది. అయివారు కళ్ళజోడు పెట్టుకున్నారు. 'అన్నా, నేను బాగున్నాను. నువ్వు దిగులు పడవద్దు.' అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉన్నాయి, చేయి ఇంకా బలహీనం. వరుస మాత్రం తిన్నగా ఉంది.

ఆయన కొడుకు దగ్గరున్న పాత కాగితం అడిగి తీసుకుని, రెండింటినీ మంచం మీద పక్కపక్కన పరిచారు. రెండింటిలోనూ మాట ఒక్కటే. ఒక అక్షరం కూడా తేడా లేదు. ఇన్నేళ్ళు తను దేన్ని దిద్దుతూ వచ్చారో, దేన్ని చూడకుండా వదిలేశారో ఆ ముసలాయనకు అప్పుడు అర్థమైంది. కళ్ళజోడు తడిసిపోయి అక్షరాలు కనిపించలేదు.

"ఇందులో ఒక 'న్నా' కొంచెం వంకరగా ఉండాది నాయనా" అంది నాగలక్ష్మి భయంగా. "తిరగరాస్తావా?"

సిద్దమ్మ మొగుడి వైపు చూసింది.

"వద్దమ్మా" అన్నారు అయివారు. "ఉండనీ. ఇట్లనే ఉండనీ."

రెండు కాగితాలనూ మడిచి ఆయన కొడుకు చేతిలో పెట్టారు.